సాగనంపని ఇల్లు

అరోరా, అమెరికా,
సెప్టెంబరు

నా బంగారు వదినా,

నువ్వు రాసిన ఉత్తరం జయంతి తన ఫోన్‌లో చూపించింది. కోడి కెలికినట్టున్న నీ అక్షరాలు చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఫోన్‌లో మాట్లాడితే నీకు వినపడదు, అరిచి మాట్లాడటం నాకు చేతకాదు. అందుకని ఈ వయసులో ఆడపడుచూ వదినా కొత్తగా పెళ్ళైన జంటలా ఉత్తరాలు రాసుకుంటున్నాం. మా అన్నయ్యకి కూడా నువ్వెప్పుడూ ఇన్ని రాసి ఉండవు.

ఇక్కడ నేను కాగితం మీద రాస్తే జయంతి ఫొటో తీసి సుధ ఫోన్‌కి పంపుతుంది. సుధ నీకు చూపిస్తుంది. నువ్వు అరుగు మీద కూర్చుని పైకి చదువుతావు. చెవులు తగ్గినప్పటి నుంచి నీ గొంతు పెరిగింది వదినా, ఏమనుకోకు. మా అమ్మ ఉత్తరం చదివితే వీధి చివర పాలకేంద్రం దగ్గర క్యూలో ఉన్నవాళ్ళు కూడా ఆగి వింటున్నారత్తా అని నీ కూతురు సుధే రాసింది. కాబట్టి అందరూ వింటారని తెలిసే రాస్తున్నాను, అందరికీ నమస్కారాలు.

జయంతి వాళ్ళ ఇల్లు చాలా పెద్దది. రియా ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది. బుగ్గలు చూస్తే అచ్చం చిన్నప్పటి జయంతే. జయంతికి నీళ్ళు పోసినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు, గుర్తుందా? నా కాళ్ళ మీద పడుకుని వీధి దద్దరిల్లేలా ఏడ్చేది. ఇప్పుడు ఆ పిల్లకి పిల్ల పుడితే దానికీ నేనే నీళ్ళు పోస్తున్నాను. ఇక్కడ నీళ్ళ గది లేదు, పీటా లేదు. స్నానాల తొట్టిలోకి దిగి కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. మొదటి రోజు సున్నిపిండి అడ్డం పడి నీళ్ళు పోలేదు. ఇంకో రోజు సాంబ్రాణి పొగ వేస్తే ఇంట్లో ఉన్న గంటలన్నీ ఒక్కసారిగా మోగాయి. జయంతి భర్త తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చి పొగని విసురుతుంటే రియా కిలకిలా నవ్వింది. ఆ తర్వాత సాంబ్రాణి మానేశాం.

గుడికి వెళ్తే అందరూ నన్ను పిన్నిగారూ అంటారు. "మా పిన్ని వచ్చాకే నాకు ప్రాణం లేచొచ్చింది" అని జయంతి అందరి ముందూ చెబుతుంది. మధ్యలో ఇక్కడ ఇంకో ఇద్దరు ముగ్గురు బాలింతలకి కూడా సాయం చేసి వచ్చాను. ఖాళీగా కూర్చోవడం నాకు ఎటూ రాదు కదా.

తిరుగు ప్రయాణం ఎప్పుడని అడిగావు. రియా అన్నప్రాశన కాగానే అనుకున్నాం. అది అయింది. ఇప్పుడు మొదటి పుట్టినరోజు అయ్యాక అంటోంది జయంతి. కాళ్ళకి పసుపు రాసి, చీర పెట్టి, మన వీధి పద్ధతిలో సాగనంపుతానని మాట ఇచ్చింది. పిల్లని మధ్యలో వదిలి ఎలా వస్తాను, నువ్వే చెప్పు. బాగా తింటున్నాను. చలి కూడా ఇంకా మొదలవలేదు. నా గురించి బెంగ పెట్టుకోకు. నీ మోకాళ్ళకి నూనె రాసుకోవడం మానకు.

నీ గయ్యాళి ఆడపడుచు,
మంగతాయారు


ఊరి పేరు రాయడం లేదు,
నవంబరు

వదినా,

ఈ ఉత్తరం పైకి చదవకు. లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, కళ్ళతోనే చదువు. ఇక్కడివాళ్ళే ఫొటో తీసి నేరుగా సుధకి పంపుతున్నారు, తను చదివితే చదవనీ.

ముందు ఒక్క మాట. సుధని వీసా ఇంటర్వ్యూకి పంపకు. మిగతాదంతా తీరిగ్గా చదువుకున్నా ఫరవాలేదు, ఈ పని మాత్రం ఇప్పుడే చెయ్యి. జయంతి వాళ్ళమ్మ వచ్చి ఎంత తియ్యగా మాట్లాడినా సరే, పంపనని చెప్పు. కారణం అడిగితే నా పేరు చెప్పు.

నేను ఇప్పుడు జయంతి ఇంట్లో లేను. ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే ఒక ఇంట్లో ఉన్నాను. ఇది ఎక్కడుందో ఎవరికీ చెప్పకూడదని ఇక్కడి నియమం, అందుకే ఊరి పేరు రాయలేదు. ఒంట్లో బాగానే ఉంది. నాకంటూ ఒక మంచం, ఒక కిటికీ ఉన్నాయి. తలుపుకి గొళ్ళెం లోపలివైపు ఉంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానో ముందు ముందు నీకే తెలుస్తుంది.

ఇన్నాళ్ళూ నీకు రాసినవన్నీ నిజాలే వదినా, కానీ సగం నిజాలు. జయంతి చదివాకే అవి నీ దాకా వచ్చేవి, అది ఒక కారణం. రెండోది నా పొగరు. అమెరికా వెళ్ళిన మంగతాయారు అని వీధంతా చెప్పుకుంటుంటే, బేస్‌మెంట్‌లో బాయిలర్ పక్కన పడుకుంటున్నానని ఎలా రాయను? నువ్వు పైకి చదువుతావాయె. నిన్ను తప్పుబట్టడం లేదు, నా సిగ్గు గురించి చెబుతున్నాను.

మొదటినుంచీ చెబుతాను. హైదరాబాదులో వీసా ఇంటర్వ్యూకి వెళ్ళేముందు జయంతి వాళ్ళమ్మ నాకు పాఠం చెప్పింది. జయంతి నా సొంత అక్క కూతురు, పుట్టబోయే బిడ్డని చూసి ఆర్నెల్లలో వచ్చేస్తాను, పని చేయడానికి కాదు అని చెప్పమంది. నేనూ అలాగే చెప్పాను. పిన్ని అని పిలుస్తోంది కదా, పిన్నినేగా అనుకున్నాను. ఇక్కడ విమానం దిగి బయటికి రాగానే జయంతి నన్ను కౌగిలించుకుని చెయ్యి చాపింది. "పిన్నీ, పాస్‌పోర్ట్ ఇలా ఇవ్వు. పోతే పెద్ద హెడేక్. నా దగ్గర సేఫ్‌గా ఉంటుంది." ఇచ్చేశాను. మళ్ళీ దాని మొహం చూడలేదు.

పొద్దున్నే లేచి అందరికీ టిఫిన్, లంచ్ బాక్సులు. రియాకి నీళ్ళు పోయడం, బట్టలు, వంట, ఇల్లు తుడవడం. వాళ్ళంతా పడుకున్నాక గిన్నెలు. దీని గురించి ఎవరితోనూ చెప్పుకోలేదు, పనికి నేనెప్పుడూ భయపడలేదు. తర్వాత జయంతి నన్ను వేరే ఇళ్ళకి పంపడం మొదలుపెట్టింది. ఎవరికైనా పురుడు వస్తే ఫోన్‌లో మాట్లాడుకుని, కార్లో దింపి, నెల తిరిగాక వచ్చి తీసుకెళ్ళేది. ఆ ఇంటివాళ్ళిచ్చే డబ్బు తన చేతికే. నీ జీతం బ్యాంకులో వేస్తున్నా పిన్నీ, వెళ్ళేటప్పుడు ఒకేసారి ఇస్తా అనేది. ఒకసారి పన్ను వాచి వారం రోజులు అన్నం తినలేకపోతే, డాక్టర్ దగ్గరికి వెళ్తే నీ పేపర్లు అడుగుతారని చెప్పి లవంగాల డబ్బా చేతిలో పెట్టింది.

ఇంటికి వెళ్ళిపోతానని మొదటిసారి గట్టిగా అడిగిన రోజు బాగా గుర్తుంది. తను సోఫాలో కూర్చుని రియాకి పాలసీసా పడుతోంది. గొంతు కూడా పెంచలేదు. "పిన్నీ, నీ వీసా టైం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు నువ్వు ఇల్లీగల్. గడప దాటితే పోలీసులు పట్టుకుంటారు. పైగా ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పావు. అది ఫెడరల్ క్రైమ్, తెలుసా? నన్నేమీ అనరు, నిన్నే జైల్లో వేస్తారు. నేనున్నాను కాబట్టి సేఫ్‌గా ఉన్నావు." ఆ మాటలంటూనే రియా మూతి తుడిచింది. నన్ను ఎప్పుడూ కొట్టలేదు వదినా. కొట్టి ఉంటే ఎవరికైనా చూపించుకునేదాన్ని. పిన్నీ పిన్నీ అంటూ నవ్వుతూ మాట్లాడే మనిషి మీద ఏమని చెప్పుకోను?

వీధి తలుపుకి కెమెరా ఉంది. తలుపు తీస్తే ఆఫీసులో ఉన్న జయంతి ఫోన్ మోగుతుంది. అయితే ఆ కెమెరా లేకపోయినా నేను కదిలేదాన్ని కాదేమో. ఇది నీకు మాత్రమే అర్థమవుతుంది. నీళ్ళు పోసిన పిల్లని పసుపు రాయించుకోకుండా, చీర అందుకోకుండా వదిలి వెళ్ళిన మనిషి మన వీధిలో లేదు. మధ్యలో వెళ్తే ఆ కీడు పిల్లకి తగులుతుందని మా అమ్మ చెప్పింది, మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన జయంతికి అది తెలుసు. ఎప్పుడు అడిగినా "సాగనంపుతాను కదా పిన్నీ, రియా కోసం ఆగలేవా?" అనేది. అన్నప్రాశన, దసరా, పుట్టినరోజు అంటూ ఆ రోజుని జరుపుకుంటూ పోయింది. నేను ఆగుతూ పోయాను.

అలా పంపిన ఇళ్ళలో ఒకటి కృతిది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టింది, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. నన్ను ఆంటీ అనేది. నెల నిండి నేను వెళ్ళిపోయే రోజు పసుపు గిన్నె పట్టుకుని వచ్చి నా ముందు నేల మీద కూర్చుంది. "ఆంటీ, మా అమ్మ చెప్పింది, లాస్ట్ బాత్ రోజు మీకు ఏదో చేయాలంట. నాకు తెలీదు. మీరు చెప్పండి, నేను చేస్తాను" అంది. ఫోన్‌లో వాళ్ళమ్మ ఎక్కడో మిషిగన్ నుంచి చెబుతుంటే నా కాళ్ళకి పసుపు రాసింది. నెమలికంఠం రంగు చీర, ఎర్ర అంచు, నా చేతుల్లో పెట్టింది. పసుపు వేలు కొంగుకి అంటుకుంటే "ఓ నో, సారీ సారీ" అని కంగారుపడింది. నాకు ఏడుపు ఆగలేదు. ఊరూ పేరూ తెలియని పిల్ల నెల తిరిగేసరికి సాగనంపింది. నా కాళ్ళ మీద పెరిగిన పిల్ల ఏడాదైనా సాగనంపదు.

"ఆంటీ, ఎందుకు ఏడుపు? ఇంటికి వెళ్ళాలని ఉందా?"

"ఉందమ్మా."

"మరి వెళ్ళరా?"

"నా పాస్‌పోర్ట్ నా దగ్గర లేదు తల్లీ."

ఆ డబ్బు నాకు చేరుతుందనుకుని కృతి జయంతికి ఇచ్చిందట, అది చెప్పి తల దించుకుంది. ఆ తర్వాత, "మీలాంటి వాళ్ళకి హెల్ప్ చేసేవాళ్ళు ఉన్నారు ఆంటీ. కానీ నేను మీకు తెలీకుండా ఎవరికీ కాల్ చెయ్యను. మీరు ఓకే అంటే చాలు. ఎప్పుడైనా సరే" అంది. నేను వద్దన్నాను. రియా గుర్తొచ్చింది, జైలు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం జయంతి వచ్చి కార్లో ఎక్కించుకుంది. నా ఒడిలో చీర చూసి, "ఇదెందుకు నీకు పిన్నీ, మా అమ్మకి బాగుంటుంది" అని తీసుకుని వెనక సీట్లో పడేసింది.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. జయంతి వంటింట్లో నిలబడి అది నాకు చదివి వినిపించింది. సుధకి కూడా వీసా పెడుతున్నారని, జయంతికి చెల్లెలి వరస అని చెప్పమన్నారని, అత్తాకోడళ్ళు ఒకే చోట ఉంటారని నువ్వెంత మురిసిపోయావో అందులో ఉంది. "సుధ వస్తే నీకూ కంపెనీ పిన్నీ, ఇద్దరికీ కింద ప్లేస్ సరిపోతుంది" అంది జయంతి. చేతిలో ఉన్న అట్లకాడ కింద పెట్టేశాను. నా మేనకోడల్ని ఆ బాయిలర్ పక్కకి పిలిచింది ఎవరో కాదు వదినా, నేను రాసిన తియ్యటి ఉత్తరాలే.

ఆ శనివారం గుడికి వెళ్ళాం. కృతి తన బిడ్డతో అక్కడే ఉంది. రియా నా భుజం మీద నిద్రపోతోంది. జయంతి దగ్గరికి వెళ్ళి "పట్టుకో, చెయ్యి లాగుతోంది" అన్నాను. నిద్రలో ఆ పిల్ల నా జాకెట్టు పట్టుకుని ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. నేరుగా కృతి దగ్గరికి నడిచి "ఓకే అమ్మా" అన్నాను. ఆ అమ్మాయి మారు మాట లేకుండా కారు తాళాలు తీసింది. ఆ చలిలో చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయాను.

ఇక్కడ నిధి అని లాయరమ్మ ఉంది. చిన్న పిల్ల, తనూ ఇక్కడ పుట్టినదే. తనని చూడగానే జైలు సంగతి అడిగాను. "మంగతాయారు గారూ, మీరు క్రిమినల్ కాదు. మీకు జరిగింది క్రైమ్" అంది. మనుషుల్ని మాయమాటలతో తీసుకొచ్చి, భయపెట్టి పని చేయించుకుంటే, అలా చిక్కుకున్నవాళ్ళు ఈ దేశంలోనే ఉండటానికి ఒక వీసా ఉందట. నా గడువు దాటిపోయినా అడగొచ్చట. ఇంటర్వ్యూలో చెప్పిన అబద్ధం సంగతి కూడా దాచకుండా చెప్పి, ఎవరు చెప్పించారో వివరంగా రాస్తానంది. అయితే మామూలుగా దానికోసం, జరిగిందంతా అధికారులకి చెప్పాలి, వాళ్ళు సాయం అడిగితే చేయాలి. నేను చెప్పేటప్పుడు తను పక్కనే ఉంటుందట, తెలుగు మనిషిని పెడతారట, నేనెక్కడున్నానో జయంతికి చెప్పరట. "వీసా వస్తుంది అని ప్రామిస్ చెయ్యలేను. టైం పడుతుంది. రిపోర్ట్ చెయ్యాలా వద్దా అది మీ ఇష్టం, మీదే" అంది. నీ ఇష్టం అనే మాట విని ఎన్నాళ్ళయిందో!

ఆలోచించాను వదినా. నేను ఫిర్యాదు ఇవ్వను. సుధ ఆగితే నాకు చాలు. జయంతి నేను నీళ్ళు పోసిన పిల్ల. దాన్ని పోలీసుల ముందు నిలబెడితే రియా ఏమవుతుంది? నువ్వు నవ్వుతావేమో గానీ, ఇప్పటికీ నా మనసులో ఉన్నది ఒక్కటే. జయంతి ఒక్కసారి నా కాళ్ళకి ఇంత పసుపు రాసి వెళ్ళిరా పిన్నీ అంటే, అన్నీ మరిచిపోయి వచ్చేస్తాను. ఈ సంగతులు నీలోనే ఉంచుకో, వీధిలో పొక్కనీయకు.

నీ
మంగ


అదే ఇల్లు,
ఫిబ్రవరి

వదినమ్మా,

నీ ఉత్తరం చేరింది. సుధని ఇంటర్వ్యూకి పంపలేదని రాశావు. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో. అన్నయ్య నన్ను తిట్టాడని, తర్వాత పెరట్లోకి వెళ్ళి ఏడ్చాడని రాశావు. ఏడవనీ, చిన్నప్పుడు నన్ను ఏడిపించినదానికి సరిపోతుంది.

తర్వాత నువ్వు సంబరంగా రాసిన సంగతికి వస్తాను. జయంతి వాళ్ళమ్మ మన ఇంటికి వచ్చిందని, పసుపు, చీర పళ్ళెంలో పెట్టుకుని తెచ్చిందని, "నా కూతురి తరఫున మంగతాయారుని సాగనంపుతున్నాను, ఇక దాన్ని ఏ కేసులూ లేకుండా ఇంటికి రమ్మని చెప్పు" అని నీ చేతులు పట్టుకుందని రాశావు. నీ కోరిక తీరింది మంగా అని కింద గీత కూడా గీశావు. చీర ఫొటో పంపావు.

ఆ ఫొటో సుధ ఫోన్ నుంచి, ఇక్కడివాళ్ళు నాకిచ్చిన ఫోన్‌కి వచ్చినప్పుడు నేను పప్పు తాలింపు వేస్తున్నాను. నెమలికంఠం రంగు. ఎర్ర అంచు. పెద్దది చేసి చూశాను. కొంగు మీద పసుపు వేలిముద్ర.

వదినా, అది నా చీరే. కృతి నాకు పెట్టి, జయంతి నా ఒడిలోంచి తీసుకున్న చీర. దాన్ని వాళ్ళమ్మకి పంపింది, వాళ్ళమ్మ తెచ్చి నీకిచ్చింది. నన్ను సాగనంపడానికి ఆ ఇంట్లోంచి కొత్త గుడ్డ ఒక్కటి కూడా రాలేదు. మొదట నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే స్టవ్ ఆపి కుర్చీలో కూలబడ్డాను. ఆ పసుపు కోసమే కదా ఏడాదికి పైగా కట్టుబడి ఉన్నాను. కృతి రాసిన పసుపుతోనే నాకు సాగనంపడం అయిపోయిందని ఆ క్షణంలో తోచింది. అంతకుమించి ఆ ఇంటి నుంచి నాకు రావాల్సిన దీవెన ఏదీ లేదు.

అయినా ఒక్క చీరకి నేను పోలీసుల దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. నీ ఉత్తరం చివర రాసిన నాలుగు వాక్యాలు నన్ను నడిపించాయి. సుధ బదులు ధనమ్మని పంపుతున్నారని రాశావు. మన వీధి ధనమ్మ, ఒక అక్షరం ముక్క రాని ధనమ్మ, పాస్‌పోర్ట్ ఫొటో తెచ్చి నీకు చూపించి మురిసిపోయిందని రాశావు. "నువ్వు పొక్కనీయకు అన్నావు కదా, ఏం చెప్పాలో తెలియక నోరు మూసుకున్నాను" అన్నావు. జీవితంలో మొదటిసారి నువ్వు నోరు మూసుకున్నావు వదినా, అదీ నా మాట మీద.

మర్నాడు నిధికి ఫోన్ చేసి, చెబుతానన్నాను.

నిధి ఆఫీసులోనే కలిశాం. ఇద్దరు వచ్చారు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, మామూలు బట్టల్లో. నా కళ్ళు వాళ్ళ నడుముల వైపే వెళ్ళాయి, బేడీలు ఉన్నాయేమోనని. ఆవిడ నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చి, ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపుదామంది. ఫోన్‌లో తెలుగు చెప్పే అతను నెల్లూరు వైపు మనిషిలా ఉన్నాడు, "అమ్మా, నిదానంగా చెప్పండి, నేను యాడికీ పోను" అన్నాడు. ముందు నా అబద్ధమే చెప్పేశాను. వీసా ఆఫీసులో తప్పు చెప్పాను, జైల్లో వేస్తే వేయండి, కానీ మా వీధి నుంచి ఇంకో మనిషిని తేబోతున్నారు, దాన్ని ఆపండి అన్నాను. ఆవిడ రాసుకుంటూ తల ఎత్తి, "ఆ మాటలు మీకు నేర్పింది ఎవరు?" అని అడిగింది. ఏడాదిగా నా తప్పు నా తప్పు అని మోస్తున్నాను వదినా. నేర్పింది ఎవరని ఎవ్వరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

తర్వాత అంతా చెప్పాను. పాస్‌పోర్ట్, బాయిలర్, లవంగాల డబ్బా, ఇళ్ళు. మధ్యలో రెండుసార్లు ఆపమన్నాను, ఆపారు. నిధి నా భుజం మీద చెయ్యి తియ్యలేదు. చివర్లో రియా ఏమవుతుందని అడిగాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఏం జరుగుతుందో ఇప్పుడే చెప్పలేనని, పసిపిల్లని ఒంటరిగా మాత్రం వదిలెయ్యరని అంది. అప్పుడు బాగా ఏడ్చాను. జయంతి మీద కోపం లేదని అనను, చాలా ఉంది. దాని బుగ్గలు, దాని కూతురి బుగ్గలు గుర్తొస్తే ప్రేమా ఉంది. రెండూ ఉండనీ. నీళ్ళు పోసిన ప్రతి పూటా రియాని దీవించాను. నేను వచ్చేసినంత మాత్రాన ఆ దీవెనలు ఎక్కడికీ పోవు.

నా వీసా కాగితాలు నిధి పంపించింది. వస్తుందో రాదో ఎవరూ ఖాయంగా చెప్పడం లేదు, చాలా కాలం పడుతుందంటున్నారు. ఈలోగా ఇక్కడ ఉండటానికి, పని చేసుకోవడానికి తాత్కాలికంగా అనుమతి అడుగుతున్నారు. నేను సాయంత్రాలు ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. పంతులమ్మ నా పేరు నాలుగు ముక్కలు చేసి పలుకుతుంది. పన్ను పీకించుకున్నాను. హాయిగా తింటున్నాను, ఈసారి నిజంగానే.

అధికారులు జయంతి ఇంటికి వెళ్ళి వచ్చారట. కాబట్టి ఇక దాచడానికేమీ లేదు. ఇంటికి ఉత్తరం రాయవచ్చా అని నిధిని అడిగాను. "అది మీ స్టోరీ, మీరు చెప్పొచ్చు. ఎక్కడ ఉన్నారో మాత్రం రాయకండి" అంది. మీ మీదకి ఎవరైనా గొడవకి వస్తే సుధని వెంటనే నిధికి మెసేజ్ పెట్టమను, అన్నయ్యని మన స్టేషన్‌కి వెళ్ళి చెప్పమను. జంకక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పనులు చెబుతాను. ఆ చీర తిరిగి ఇవ్వకు, అది నాది. ఉతకకుండా అలాగే మడత పెట్టి ఉంచు. నిధికి కూడా దాని ఫొటో కావాలట. అంతా అయిపోయాక సుధ కట్టుకుంటుంది.

రేపు పొద్దున్న, పాలు పోయడానికి వీధంతా వచ్చే వేళకి, ఈ ఉత్తరం తీసుకుని అరుగు మీద కూర్చో. ధనమ్మని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో. కిందటి ఉత్తరం కూడా తెచ్చుకో, ముందు అది చదువు, తర్వాత ఇది. బేస్‌మెంట్ దగ్గర గొంతు తగ్గించకు. నాకు సిగ్గని రాసిన చోట అస్సలు తగ్గించకు. జయంతి వాళ్ళమ్మ కిటికీ ఆ వేళ తెరిచే ఉంటుంది, ఉండనీ. ఎక్కడైనా ఏడుపొచ్చి నీ గొంతు పూడుకుపోతే, అక్కడి నుంచి సుధని అందుకోమను. పాలకేంద్రం దాకా వినపడాలి వదినా.

చివర నా పేరు కూడా పైకే చదువు.

మంగతాయారు